గోడకు పోసిన పసుపునీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక గోడకు రోజూ స్నానం చేయించేవాళ్ళు. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను. అరవదేశపు కంబం లోయలో స్థిరపడిన మా తెలుగువాళ్ళలో ఒక్కో వంశానికి ఒక్కో పెద్దవ్వ ఇలవేల్పు. మా పెద్దవ్వ ఉత్తరాది నుంచి ఎద్దుబండిలో ఇటు వస్తూ దారిలోనే కన్నుమూసిందట. ఆమెను పూడ్చినచోటి మట్టి తట్టకెత్తుకుని తెచ్చి, ఇక్కడ కట్టిన మొదటి ఇంటి గోడలో కలిపారట. ఆ గోడ ఉన్న గదే అవ్వగది. దానికి కిటికీ లేదు. గోడను అలకకూడదు, సున్నం వేయకూడదు. ఇంటి ముత్తయిదువ మాత్రం ప్రతి ఉదయం చెంబెడు పసుపునీళ్ళు దానిమీద పోసి దండం పెట్టాలి. అప్పుడు కుంపిణీ వాళ్ళ ఏలుబడి. పన్నులకోసం వాళ్ళ మనుషులు మా వాకిలిదాకా వచ్చేవాళ్ళు గాని, అవ్వగది గడప దగ్గర ఎవరి అధికారమూ చెల్లేది కాదు.

ఆ గోడ నిండా నల్లటి మచ్చలు, వాటి మీద నూగునూగుగా బూజు. వానలు పడితే మచ్చలు పెరిగేవి. అవి పెరిగితే అవ్వకు మా మీద దయ పెరిగినట్టని మా తాతయ్య మురిసిపోయేవాడు. గదిలోకి పోతే తడిసి మగ్గిన గడ్డి వాసన కొట్టేది. అది అవ్వ ఒంటి వాసన అని మాకు చెప్పారు, మేము నమ్మాం.

నీరసంగా ఉన్న పిల్లలను అవ్వ ఒడిలో పెట్టడం మా ఇంటి ఆచారం. ఒడి అంటే ఆ గోడ పక్కన పడక వేయడమే. నా తర్వాత పుట్టినవాడు ఆ పడకమీదే దగ్గి దగ్గి పోయాడు. ఆ తర్వాతి తమ్ముడికి రెండో ఏడు నడుస్తుండగా వాడికీ గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయి. వాణ్ణీ అక్కడే పడుకోబెట్టారు. దగ్గు ఎక్కువైన కొద్దీ పడకను గోడకు ఇంకాస్త దగ్గరగా జరిపేవాళ్ళు.

మా మేనత్త మా ఇంట్లోనే ఉండేది. చిన్నవయసులోనే మొగుడు పోయి పుట్టింటికి చేరింది. ఆమె పసుపు ముట్టకూడదు, అవ్వగది గడప తొక్కకూడదు. ఊడవడానికీ, దంచడానికీ, చేనికావలికీ మాత్రం ఏ అంటుముట్టూ అడ్డం రాలేదు. ఆ ఏడు జొన్నచేను కావలికి పోతూ తమ్ముణ్ణి చంకన వేసుకుపోయి, పదిరోజులు మంచె కింద పాకలో తనతోనే ఉంచుకుంది. పదిరోజులూ వాడికి పిల్లికూతల్లేవు. ఇంటికి తెచ్చి అవ్వ ఒడిలో పడుకోబెట్టిన మూడోనాడే మళ్ళీ మొదలు.

ఆమె నేరుగా తాతయ్య దగ్గరికి పోయి, "నాయనా, బిడ్డకు జబ్బు ఆ గోడనుంచే వస్తా ఉంది. బూజు గీకేద్దాం" అంది.

"నోరు మూసుకుని సుమ్మా ఉండు. మొగుణ్ణి మింగినది చాలక అవ్వనీ మింగుతావా?" అన్నాడు తాతయ్య.

అత్త చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె ఓడిపోయిందనుకున్నాను, పిచ్చిదాన్ని.

వానలు పట్టాయి. ఒకరోజు ఆమె గోళ్ళ సందుల్లో పసుపు కనిపించింది. ఇదేంటని అడిగితే నా బుగ్గ గిల్లి, "చూడలేదనుకో కన్నూ" అంది. సరే, చూడలేదనుకున్నాను.

రెండునెలలు తిరిగేసరికి మా ఇంట్లో సంబరమే సంబరం. తాతయ్య పడుకునే గదిలో, మంచం తలాపున, జొన్నకుండల వెనక గోడమీద నల్లటి మచ్చలు లేచాయి. అవ్వ తనను వెతుక్కుంటూ వచ్చిందని తాతయ్యకు నేలమీద కాలు ఆనలేదు. కళ్ళు నీళ్ళు కారుతున్నా, తెల్లారి లేస్తే దగ్గు తెరలు ఆగకపోయినా ఆయనకు పట్టలేదు. శుక్రవారం చూసి చుట్టాలందరినీ పిలిచాడు. పొంగలి పెట్టారు, కోడిని కోశారు. అందరూ ఆ గదిలో చేరాక మా అమ్మ పసుపునీళ్ళ చెంబు ఎత్తింది.

అప్పుడు అత్త అందరినీ తోసుకుంటూ ముందుకు వచ్చి రెండు అరచేతులూ చాపింది. రెండూ పచ్చగా ఉన్నాయి.

"ఈ అవ్వని పిలుచుకొచ్చింది నేను. ఊడ్చినప్పుడల్లా ఈ గోడకు పసుపునీళ్ళు పోసినాను. మొగుడు లేనిదాని చేత్తో పోసినా వచ్చింది, చూడండి. ఇది అవ్వే అయితే నా చేతినీళ్ళు ఆమెకు ఇష్టమే, ఇంక నన్ను పసుపు ముట్టద్దనేదానికి మీరెవరు? కాదు, వట్టి బూజంటారా, బిడ్డని దాని పక్కనుంచి తీయండి. ఏదో ఒకటి చెప్పండి" అంది.

తాతయ్య ముఖం కందగడ్డయింది. "కన్నతండ్రిని చంపాలని చూసినావా?" అని అరవబోయి దగ్గుతో వంగిపోయాడు.

ఆమె ఆయన వీపు నిమిరింది. నిమురుతూనే అంది, "మీకు దగ్గు వస్తే మంచం ఈడ్చుకుని వాకిట్లో పడుకుంటారు నాయనా. వాడు ఎక్కడికి పోతాడు?"

మా అమ్మ చెంబు కింద పెట్టింది. మామగారి వైపు గాని, మా నాయన వైపు గాని చూడలేదు. అవ్వగదిలోకి పోయి తమ్ముణ్ణి భుజాన వేసుకుని, అందరి ముందు నుంచీ నడిచి, ఎండ పడే అరుగుమీద కూర్చుంది. ఎవరినీ అడక్కుండా మా అమ్మ చేసిన మొదటి పని అదేననుకుంటాను.

మర్నాడు తాతయ్య గడ్డపార తెచ్చి అత్త ముందు పడేశాడు. "అవ్వకు మాత్రం గాలి ఆడద్దా? పడమటి గోడకు కిటికీ పెట్టించు" అన్నాడు. కిందపడ్డా మీసానికి మట్టి అంటలేదన్నట్టు! అత్త నవ్వలేదు. కిటికీ పెట్టించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని రెండు గదుల గోడలూ గీకింది. గీకిన మట్టిని చేనిగట్టున పూడ్చింది. గోడలు ఆరాక దట్టంగా సున్నం పూసింది. గూట్లో దీపం మాత్రం మానలేదు. నీళ్ళు పోయడమే మానిపించింది. తమ్ముడు ఒక్కరోజులో బాగుపడలేదు, ఆ ఏడంతా పట్టింది. ముసురు పడితే ఇప్పటికీ వాడి గుండెల్లో సన్నగా కూత వినిపిస్తుంది. ఆ కూతతోనే మనవలను గదమాయిస్తున్నాడు.

అవ్వ కోపానికి అత్త ఈ ఏడు పోతుంది, వచ్చే ఏడు పోతుందని చుట్టాలు చాలాకాలం ఎదురుచూశారు. ఎదురుచూసినవాళ్ళందరినీ సాగనంపాక గాని ఆమె పోలేదు. ఆమె అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. ఏదో ఒకటి చెప్పమంది, వాళ్ళు చెప్పలేదు, ఆమె రెండూ తీసుకుంది. పిల్లవాణ్ణి దక్కించుకుంది, చచ్చేదాకా చేతులకు పసుపు రాసుకుంది.

గోడమీద మచ్చ కనిపిస్తే దండం పెట్టేముందు దానికి నీళ్ళు ఎవరు పోస్తున్నారని అడగడం నాకు ఆనాడే అలవాటైంది. గోడల సంగతి ఒక్కటే కాదు. నా మొగుడు పోయిన పదకొండోనాడు చుట్టాలు నా ముందునుంచి పసుపుగిన్నె తీసేశారు. నేను లేచి వెళ్ళి తెచ్చుకున్నాను. ఈ ముసురుకు కూడా, కోడళ్ళు వద్దంటున్నా, ఇంటి గోడలు నేనే గీకి సున్నం వేశాను. నా చేతులు చూడండి, గోళ్ళ సందుల్లో పసుపు ఉంది. చూడలేదనుకోనక్కర్లేదు. చూశామనే ఊరంతా చెప్పండి.