ముప్పై సెకన్ల కాగ్నా

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు నా భార్య చెప్పు కాగ్నా వాగులో కొట్టుకుపోయింది.

మేముండేది వికారాబాద్‌లో. ఆమె పుట్టిల్లు తాండూరు. వానాకాలంలో అక్కడికి వెళ్లినప్పుడల్లా తెల్లవారగానే ఇద్దరం వాగు ఒడ్డుకు పోయేవాళ్లం. పారే నీళ్లను ఫొటో తీయడం నా అలవాటు. లెన్సుకు నల్లద్దం బిగించి షట్టర్ ముప్పై సెకన్లు తెరిచి ఉంచితే అలలు చెరిగిపోయి నీళ్లు తెల్లగా పడతాయి. కెమెరా స్టాండు కదలకుండా ఆమె ఒక సంచి వేలాడదీసేది. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ దగ్గర పారేసిన బండ ముక్క అందులో ఉండేది. తర్వాత సెకన్లు పైకి లెక్కపెట్టేది. కెమెరాకు టైమర్ ఉంది. అయినా లెక్కపెట్టేది. నేను అనేది ఒకటే మాట: "జర పక్కకు జరుగు."

ఆ రోజు పన్నెండు దగ్గర చెప్పు జారింది. ఆమె నీళ్లలోకి దిగి, మోకాలి లోతులో, కెమెరాకు ఎదురుగా ఈ పక్క నుంచి ఆ పక్కకు నడిచింది. లెక్క ఆపలేదు. చెప్పు దొరికేసరికి ఇరవై ఏడు.

కెమెరా తెర మీద నీళ్లున్నాయి, రాళ్లున్నాయి. ఆమె లేదు.

"నేనేడున్న?"

"నిలవడితే ఫొటోల పడుతరు. నువ్వు నడిచినవ్ గదా."

"నీళ్లు గూడ నడిచినయి. అవెట్ల పడ్డయి మరి?"

ఫొటో చెడిపోలేదని సంతోషించాను. పెద్దది చేయించి ముందుగదిలో పెట్టాం. వచ్చినవాళ్లకు ఆమె, "అండ్ల నేనున్న, చూడుండ్రి," అని చూపించేది. వాళ్లు దగ్గరికి వెళ్లి వెతికేవాళ్లు.

పోయిన ఎండాకాలం ఆమె చనిపోయింది. పదో రోజుకు ఫొటో కావాలని ఆమె తమ్ముడు అడిగాడు.

"నీకేంది బావా, ఇల్లు నిండ ఫొటోలే. మంచిదొకటి ఇయ్యి."

రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కాగ్నా. అనంతగిరిలో వాన నీళ్లు. కోట్‌పల్లి అలుగు. మళ్లీ కాగ్నా. ఒకదాంట్లో అంచున కొంగు ఉంది. ముఖం ఎక్కడా లేదు.

చివరికి ఆధార్ కార్డు మీది ఫొటో పెద్దది చేయించాం. మసకగా వచ్చింది. ఆమె తమ్ముడు దానికి దండ వేసి, గోడ మీది కాగ్నాను చూశాడు.

"అక్క అండ్లనే ఉన్ననంటుండె గదా?"

"ఉంది," అన్నాను.

కెమెరా బీరువాలో ఉంది. బండ ముక్కను వెనక తలుపుకు అడ్డం పెట్టాను. నీళ్ల ఫొటోలు తీయడం లేదు.