నూట పదమూడు తర్వాత

మా ఇంట్లో నల్లా తిప్పితే నీళ్లకంటే ముందు గోడలోంచి చప్పుడొస్తుంది. టక్, టక్. పైపులో గాలి పట్టిందన్నాడు ప్లంబరు. నిజమే అయివుంటుంది. అయినా ప్రతిసారీ నల్లా కట్టేసి గోడకు చెవి ఆనిస్తాను. మా ఆయన నవ్వుతాడు. ఎస్తేరు టీచర్‌ను చూసి ఉంటే నవ్వేవాడు కాదు.

గోదావరిఖనిలో ఆమె మాకు లెక్కలు చెప్పేది. భర్త బొగ్గుబావిలో కప్పు కూలి చనిపోయాడు. శవం దొరకలేదు. లోపల ఎవరూ లేరని చెప్పి ఆ దారికి గోడ కట్టేశారు. డ్యూటీ నుంచి వచ్చి ఆయన తలుపు రెండుసార్లే తట్టేవాడట. టీచర్ కూడా బోర్డు మీద పెద్ద సంఖ్య రాసి, రెండుసార్లు తట్టి, బోర్డుకు చెవి పెట్టేది. "లోపట ఎవరన్న ఉన్నరేమో చూడుండ్రి" అనేది. శేషం లేకుండా భాగించే సంఖ్య దొరికితే లోపల మనిషి ఉన్నట్టు. దొరక్కపోతే అది ప్రధాన సంఖ్య. మేం ప్రధాన సంఖ్య అన్న మాటే మరిచిపోయి, పరీక్షలో "ఎవరూ లేరు" అని రాసి సున్నాలు తెచ్చుకునేవాళ్లం.

పదో తరగతి వేసవి ట్యూషన్లో ఒకరోజు 1234567 రాసింది. రెండు, మూడు, ఐదు, ఏడు... ప్రధాన సంఖ్యలన్నిటితో వరసగా భాగించాం. చెమటకు కాగితాలు చేతులకు అంటుకుపోయాయి. నూట పదమూడుతోనూ పోలేదు. దాని తర్వాత ఇంకో ప్రధాన సంఖ్య ఎంతకీ రాలేదు. అంత పొడవైన ఖాళీ అప్పటిదాకా మాకు తగల్లేదు.

"ఎవ్వరు లేరు టీచర్," అన్నాను.

"ఎందాక పోయినవ్?"

"నూట పదమూడు దాక."

"దీని వర్గమూలం వెయ్యి దాటుతది. అందాక పోకుండ లేరని ఎట్లంటవ్ బిడ్డా? ఇంకొక్కటి చూడు."

ఖాళీ దాటాక వచ్చింది నూట ఇరవై ఏడు. దాన్ని 9721తో గుణిస్తే సరిగ్గా ఆ సంఖ్యే. లోపల మనిషి ఉన్నాడు.

ఆ వేసవిలోనే, మొదటి షిఫ్టుకు వెళ్లిన నాన్న మీద అదే బావిలో కప్పు కూలింది. మధ్యాహ్నం దాకా వెతికి రెస్క్యూ వాళ్లు పైకొచ్చారు. "ఎవ్వరు లేరమ్మా," అన్నాడు వాళ్ల పెద్ద. అమ్మ బావి ముందే కూలబడింది. మా వెనక నుంచి టీచర్ గొంతు వినిపించింది.

"ఎందాక పోయిండ్రన్నా?"

"పాత గోడ దాక. అది గూడ కూలింది. అవతలంత ఖాళీనే టీచరమ్మా."

"ఖాళీ అయితే దాటుండ్రి. ఇంకొక్క దారి చూడుండ్రి. మా ఆయనప్పుడు గూడ గాడనే ఆగిండ్రు."

అతను తన వాళ్లతో మళ్లీ దిగాడు. సాయంత్రానికి నాన్నను స్ట్రెచర్ మీద తెచ్చారు. ఊపిరి ఉంది. గోడ అవతల నుంచి చప్పుడు వినిపిస్తే దాన్ని పట్టుకుని పోయామని చెప్పారు.

దేంతో కొట్టావని దవాఖానలో నాన్నను అడిగాను.

"నేనేడ కొట్టిన బిడ్డా? నా చేతులు రెండు బొగ్గు కిందనే ఉండె. నాక్కూడ ఇనబడ్డది."

మంచం పక్కన బత్తాయి వలుస్తున్న టీచర్ చేతులు ఆగిపోయాయి. "రెండుసార్లేనా అన్నా?" అని అడిగింది. నాన్న తలూపాడు. ఆమె వలిచిన బత్తాయి తొనలు నాన్న నోటికి అందించింది. ఆమె మీద జాలితో, భయంతో నాకు ఏడుపొచ్చింది.

ఇప్పటికీ ఎవరూ లేరని చెప్పడానికి నాకు నోరు రాదు. నల్లా కట్టేశాక గోడను రెండుసార్లు తడతాను. తిరిగి చప్పుడు రాకపోతే, ఇంకొక్కసారి తట్టి చూస్తాను.