తోటికోడలి టేపు

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందని సామెత. నా సంగతీ అంతే. పత్రికలవాళ్ళు నా కథలు తిప్పి పంపినందుకు ఎప్పుడూ ఏడవలేదు. మా తోటికోడలి కథ అచ్చువేసినందుకు ఏడ్చాను. ముందు మెట్లు దిగి వెళ్ళి, తన నోట్లో లడ్డూ పెట్టి, చాలా బాగుందని మెచ్చుకుని వచ్చాననుకోండి. సీతమ్మధారలో మా కింది వాటాలోనే ఉంటుంది. మా మరిది భార్య, నాకంటే చిన్నది, ఎలమంచిలి పిల్ల. ఇంట్లో ఆడవాళ్ళందరి జాకెట్లూ తనే కుడుతుంది, నావి కూడా.

నేను కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. విక్టోరియా రాణి కాలపు నవలాకారుడొకాయన మీద ఏటేటా ఒక పాఠం చెబుతాను. ఒక ధనవంతురాలి డబ్బుతో ఆయన వీధిన పడ్డ ఆడపిల్లలకూ, జైలు నుంచి వచ్చినవాళ్ళకూ ఒక ఇల్లు నడిపించాడు. వాళ్ళకి వెలిసిపోయిన యూనిఫారాలు వద్దు, రంగురంగుల బట్టలే ఇవ్వాలని పట్టుబట్టాడు. ఒక్కొక్కరి గతమూ తనే విన్నాడు, ఇక మరెవరికీ చెప్పొద్దన్నాడు. ఆ పిల్లల నీడలు ఆయన నవలల్లో తిరుగుతుంటాయి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఆయన పేరైనా వినని మా తోటికోడలు మాత్రం ఆదివారాలు ఆటోనగర్ దగ్గర ఆడవాళ్ళ హోమ్‌కి వెళ్ళి, జాకెట్లు కుట్టిపెట్టి, రచయిత్రి అయిపోయింది.

ఆ కథలో హోమ్‌లో ఒకమ్మాయి. పక్క మంచం పిల్లని తీసుకెళ్ళడానికి వాళ్ళన్న వస్తాడు. ఈ అమ్మాయి నవ్వుతూ ఆ పిల్లకి జడ వేసి, గేటు దాకా సాగనంపి, స్నానాల గదిలోకెళ్ళి కుళాయి తిప్పుతుంది, ఏడుపు బయటికి వినపడకుండా. బకెట్టు నిండి పొర్లుతూనే ఉంటుంది. ఆ కుళాయి దగ్గరే నా కడుపు మండింది. ఇలాంటిది కూర్చుని ఊహిస్తే రాదు, ఎవరో చెప్పాలి. నాకెవరు చెబుతారు?

అందుకే పోయిన నెల నేనూ వస్తానన్నాను. ఒక్క కథ, ఒకే ఒక్కటి దొరికితే చాలనుకున్నాను.

నా పాత చీరలు కొన్ని పట్టుకెళ్ళాను. చీరలిచ్చేవాళ్ళు బోలెడుమంది ఉంటారట, ఒంటికి సరిపోయే జాకెట్టే ఎవరికీ ఉండదట. ఎవరైనా కుట్టాలంటే కొలతకి ఆది జాకెట్టు ఇవ్వాలి. కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకి అదెక్కడిది? అందుకని మా తోటికోడలు టేపుతో ఒంటిమీదే కొలుస్తుంది.

నేను కుర్చీ వేసుకుని ఒకమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి, "ఇక్కడికెందుకొచ్చావమ్మా?" అని అడిగాను. ఆమె ఫ్యాను వంక చూసి, "బాగున్నానండి" అంది. అదే పిల్ల లేచి వెళ్ళి మా తోటికోడలికి వీపు తిప్పి నిలబడిందో లేదో, అడక్కుండానే మొదలుపెట్టింది. నాకు గొణుగుడు తప్ప ఏమీ వినపడలేదు. మధ్యలో ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

తిరిగొస్తుంటే ఆటోలో ఉండబట్టలేక అనేశాను. "నీకేం, వాళ్ళ కష్టాలన్నీ నీకు కథలు."

"ఆల కతలు నాను రాయనక్కా" అంది. "ఆలు సెప్పింది అక్కడే ఒదిలేసి వత్తాను. పత్రిక ఆ హోమ్‌కీ వత్తాది. ఆలూ సదువుతారు."

"మరి ఆ కుళాయి?"

నా వంక వింతగా చూసింది. "అది నీదే కదక్కా. మీ కాలేజీలో ఇంకొకావిడకి ప్రమోషనొస్తే అందరికీ స్వీట్లు పంచి, ఇంటికొచ్చి కుళాయి తిప్పుకుని ఏడిసినానన్నావు. జాకెట్టు సేతులు కొలత్తంటే సెప్పినావు. మర్సిపోనావేటి?"

"నన్నడగాలని అనిపించలేదా?"

"సదివి లడ్డూ ఎట్టినావు కదక్కా. నీకిష్టమే అనుకున్నాను."

ఆ ఏడుపు ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది. నాకు ఒక్క వాక్యం కూడా కాలేదు. తనకి కథ అయింది, మంచి కథ అయింది, అదే నా మంట. ఆ రోజు నా ఒంటిమీద ఉన్నది తను కుట్టిన జాకెట్టే. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని భుజం దగ్గరా చంక దగ్గరా తడిమి చూసుకున్నాను. ఎక్కడా బిగుతు లేదు, ఎక్కడా వదులు లేదు.