కడబంతిలో తినే మనిషి

మా మెస్ అత్త పోయిందని పోర్టు కలాసీల మేస్త్రి ఫోన్ చేసి చెప్పాడు. నేను కొట్లో పద్దు రాస్తున్నాను. "అత్త ఎల్లిపోయింది బావా. భీమిలిలో, సెల్లి ఇంటికాడే," అన్నాడు. కిడ్నీలు పాడై చాలాకాలంగా మంచం మీద ఉంది, అందుకని ఆశ్చర్యపోలేదు. పెన్ను మూసేశాను. మధ్యాహ్నం భోజనాల వేళ. ఆకలి మాత్రం వేయలేదు.

ఆమె పేరు మీకు తెలియనక్కర్లేదు. మాలో చాలామందికీ తెలియదు. వన్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్ల వెనక సందులో ఉండేది ఆమె మెస్. బోర్డు లేదు. ముందు గదిలో గోడ పొడుగునా బల్లలు, వెనక పొయ్యి. పోర్టు కలాసీలు, లారీ డ్రైవర్లు, నాలాంటి గుమస్తాలు బంతులు బంతులుగా తిని వెళ్ళేవాళ్ళం. మేం అత్తా అంటే ఆమె అల్లుడూ అనేది. "కూతురొక్కతీ లేదు, ఇంతమంది అల్లుళ్ళెలాగొచ్చీసారో," అని నవ్వేది. పెద్ద చదువూ, అయినవాళ్ళూ లేకుండా ఈ ఊరు వచ్చినవాణ్ణి. ఆమె చేతి అన్నం తినే ఇక్కడ నిలబడ్డాను.

వడ్డించేటప్పుడు ఆమె పళ్ళెం వైపు చూసేది కాదు, మొహం వైపు చూసేది. ఎవడైనా దిగులుగా ఉంటే అడక్కుండానే ఇంకో గరిటె పులుసు పడేది.

షుగరు వచ్చిందని తెలిసినప్పుడు కూడా పెద్దగా బాధపడలేదు. "నాకొక్కదానికేటి, ఈ సందులో సగం మందికి అదే కదా," అంది. మా షావుకారుకీ అదే జబ్బు. ఆయన పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచి వస్తాడు. వేళకి ఇంటి నుంచి క్యారియరు వస్తుంది. కొట్లో ఎంత రద్దీగా ఉన్నా లేచి చేతులు కడుక్కుంటాడు, వ్యాపారం మేం చూసుకుంటాం. అత్తకి క్యారియరు పంపేవాళ్ళు లేరు. సందులో అందరికీ క్యారియర్లు కట్టేది ఆమే.

మాత్ర భోజనానికి ముందు వేసుకోమన్నాడు డాక్టరు. ఆమె ఒక్కరోజూ తప్పలేదు. మొదటి బంతి కూర్చోగానే మాత్ర మింగి గరిటె అందుకునేది. ఆమె లెక్కలో భోజనం అంటే మా భోజనమే. తను తినేది కడబంతి లేచి, బల్లలు తుడిచి, గిన్నెలు నానబెట్టాక. అప్పటికి కూరలు అయిపోయేవి. మిగిలేది అన్నం, చారు. డాక్టరు తగ్గించమన్నది ఆ అన్నాన్నే. వడ్డిస్తుంటే చేతులు వణికేవి, రవిక చెమటతో తడిసిపోయేది. పొయ్యి దగ్గర మనిషి కదా అని ఆమే అనేది. నిజమే అనుకునేవాళ్ళం.

ఒకరోజు చారు గిన్నెతో సహా బల్లల మధ్య పడిపోయింది. మేస్త్రీ నేనూ ఆటోలో క్లినిక్‌కి తీసుకెళ్ళాం. అక్కడి నర్సు చక్కెర నీళ్ళు తాగించి, కాస్త తేరుకున్నాక అడిగింది.

"మాత్రేసుకున్నావా అమ్మా?"

"ఎప్పుడో ఏసీసుకున్నాను."

"మరి అన్నం?"

"ఇంకా తిన్లేదు తల్లీ. బంతి నడుత్తంది కదా."

"మాత్ర నీకు, తిండి ఇంకొకళ్ళకా?" అంది నర్సు. అత్త నవ్వింది. నర్సు నవ్వలేదు. "ఇలాగే చేస్తే ఏదో ఒకరోజు పడినదానివి లేవవు," అంది.

మర్నాటినుంచి మేస్త్రి పట్టుబట్టాడు. "ముందు నువ్వు తిను. తరవాతే మాకెట్టు."

"సిగ్గులేదేటి నీకు? ఆడమనిషి ముందు తినీసి, మిగిలింది మగోళ్ళకెడతాదేటి?"

"అలాగైతే మేం ఎదురు హోటల్‌కి పోతాం."

"పో. ఆడి సాంబారు తాగితే సాయంత్రానికి మళ్ళీ నా కాడికే వత్తావు."

చాలా రోజులు ఇదే గొడవ. చివరికి ఒప్పుకుంది, మా మాట విని కాదు, వాదించే ఓపిక లేక. పళ్ళెంలో కొంచెం పెట్టుకుని, గోడవైపు తిరిగి, ఎవరో తరుముతున్నట్టు గబగబా తినేది. ఆమె తినేదాకా కలాసీలు సందులో నిలబడి బీడీలు కాల్చుకునేవారు. ఎవరైనా కొత్తవాడు గుమ్మంలోంచి తొంగిచూస్తే నోట్లో ముద్ద ఉండగానే లేచిపోయేది. మళ్ళీ కూర్చోబెట్టడానికి మేస్త్రి కేకలేయాల్సి వచ్చేది.

వణుకు తగ్గింది. కానీ అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి. మెస్ మూతపడింది. చెల్లెలు భీమిలి తీసుకెళ్ళింది. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు, "ఇప్పుడు వేళకి పెడతన్నారు అల్లుడూ. నోటికే ఏటీ సయించట్లేదు," అంది.

పెద్దకార్యానికి మెస్‌లో తిన్నవాళ్ళం చాలామందిమి వెళ్ళాం. మగవాళ్ళని మొదటి బంతిలో కూర్చోబెట్టారు. చెల్లెలే వడ్డిస్తోంది. ఆమెకీ షుగరే. నా ఆకులో పప్పు వేస్తుంటే గరిటె అంచు వణకడం చూశాను. నా పక్కనున్న మేస్త్రీ చూశాడు.

"మాత్రేసుకున్నావా అమ్మా?" అన్నాడు.

"ఏసీసుకున్నానన్నయ్యా."

"అన్నం తిన్నావా?"

"తరవాత తింతాన్లే. ముందు మీరు కానీండి."

మేస్త్రి ఆకు మీంచి చెయ్యి తీసేశాడు. నేనూ తీసేశాను. వరసలో ఉన్న కలాసీలు ఒక్కొక్కరే అన్నం కలపడం ఆపేశారు. ఆమె పప్పు గిన్నె నడుముకి ఆనించుకుని, ఏం లోటు జరిగిందో తెలియక, మా మొహాల్లోకి చూస్తూ నిలబడింది. ఆకుల్లో అన్నం ఇంకా పొగలు కక్కుతోంది.