ఇస్త్రీ చేసిన గుడారం

తమ్ముడు పోయాడని ఫోన్ వచ్చినప్పుడు ఆమె ఏదో హోటల్‌ వాళ్ల దుప్పటి ఇస్త్రీ చేస్తోంది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి మొత్తం విన్నది. "సరే, వస్తున్నా" అన్నది. మిగిలిన సగం దుప్పటి కూడా ఇస్త్రీ చేసి, అంచులు కలిపి మడతపెట్టి, దొంతరలో సర్ది, అప్పుడు ప్లగ్గు తీసింది. లాండ్రీలో ఉతికేవాళ్లూ ఆరేసేవాళ్లూ అందరూ ఇది చూశారు. చూసినవాళ్లు ఊరుకుంటారా? సాయంత్రానికల్లా ఆ దుప్పటి కథ వీధి చివరిదాకా వెళ్లింది.

లాండ్రీలో ఆమెను ఇస్త్రీ అక్క అంటారు. ఆమెకంటే వయసులో పెద్దవాడైన యజమాని కూడా అక్క అనే పిలుస్తాడు. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని అడ్డం వచ్చింది. తర్వాత తర్వాత ఆ మాట రావడమే మానేసింది. ఇన్నేళ్లూ ఇస్త్రీపెట్టెతో గడిపి ఆమె వేళ్ల చివర్లు మొద్దుబారిపోయాయి, వేడి తెలియదు. పెట్టె కాగిందో లేదో చూడాలంటే ముంజేయి దగ్గరగా పెట్టి చూసుకుంటుంది.

వేళ్లే కాదు, మనిషంతా అలాగే అయిపోయిందని చెల్లెలి అభిప్రాయం. ఆ చెల్లెలు మాత్రం కంటికీ మింటికీ ఏకధారగా ఏడ్చింది. ఏడుస్తూనే పలకరించడానికి వచ్చినవాళ్లకు కుర్చీలు వేయించింది, టీలో పంచదార సరిపోయిందో లేదో కనుక్కుంది. రెండు పనులూ ఒకేసారి చేయగల మనిషి.

"చేతులమీద పెంచావు వాణ్ణి. ఒక్క చుక్కయినా రాల్చలేదు. నీది గుండె కాదక్కా, రాయి" అన్నది చెల్లెలు.

"ఏమో, నాకు తెలీదు" అన్నది అక్క.

నిజంగానే తెలియదు. ఏడుపు రాలేదు. ఆకలి లేదు, నిద్ర లేదు, కోపమూ లేదు. మర్నాడు పొద్దున్నే పనికి వెళ్లింది. నిమ్మకు నీరెత్తినట్టు ఎలా ఉందో చూడండర్రా అని నలుగురూ బుగ్గలు నొక్కుకున్నారు.

పెంచిన మాట మాత్రం నిజం. అమ్మ పోయేనాటికి తమ్ముడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. అప్పట్లో మేడమీద గదిలో అద్దెకుండేవాళ్లు. కింద ఉండే ఇంటావిడకు ఆ మెట్లంటే పంచప్రాణాలు. మెట్టుమీద బురద కాలి ముద్ర కనపడితే గది ఖాళీ చేయమనేది. వాన పడిందంటే వీడు దారిలో గుంటలన్నీ వెతికి మరీ తొక్కి వచ్చేవాడు. అక్క కింది మెట్టుమీద కూర్చుని, పాతగుడ్డతో వాడి పాదాలు వేళ్ల సందులతో సహా తుడిచేది. అయిపోయిందనడానికి గుర్తుగా అరికాలిమీద రెండుసార్లు తట్టేది. తట్టేదాకా వాడు మెట్టెక్కడానికి వీల్లేదు.

పెద్దయ్యాక వాడు ఇళ్లకు రంగులు వేసే పనిలోకి వెళ్లాడు. వానాకాలంలో బయటి గోడలకు రంగు నిలవదు కాబట్టి ఆ రోజుల్లో పెయింటర్లందరూ ఇంటిపట్టున పేకాడుకుంటారు. వీడు సైకిలెక్కేవాడు. వెనక క్యారియర్‌మీద చెక్కపెట్టె, పెట్టెలో కుక్క, పక్కన వేలాడే సంచీలో గుడారం. వానలో తిరగడం, ఎక్కడ చీకటిపడితే అక్కడ గుడారం వేసుకుని పడుకోవడం, ఇదీ వాడి సరదా. తెల్లటి ఒంటిమీద ఒకే ఒక నల్లమచ్చ ఉందని కుక్కకు మరక అని పేరు పెట్టాడు. పెయింటరు కుక్కకు అంతకంటే మంచి పేరు ఎక్కడ దొరుకుతుంది?

"ఎండాకాలం గోడలది, వానాకాలం నాది" అనేవాడు.

"మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనె" అనేది చెల్లెలు.

ఏటా బయల్దేరేముందు లాండ్రీ గుమ్మం దగ్గర ఆగి బెల్లు కొట్టేవాడు. "నువ్వూ రా అక్కా, ఈ ఒక్కసారికి" అనేవాడు. "నాకు ఇస్త్రీ ఉందిరా" అనేది. ఇస్త్రీ ఎప్పుడూ ఉంటుంది. అది అయిపోయే పని కాదు.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం, పనిచోట అన్నం డబ్బా మూత తీస్తూ తీస్తూ వాడు పక్కకు ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. సైకిలూ, గుడారమూ, మరకా అక్క గదికి చేరాయి. చెల్లెలి ఇంట్లో కుక్కలంటే పడదు. అక్కకు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను తాను ప్రశ్నించుకోలేదు. గిన్నెలో పెట్టింది, అది తిన్నది. రోజులు అలా వెళ్లిపోయాయి.

మొదటి వాన పడిన రోజు మరక లేచి, వసారాలో నిలబెట్టిన సైకిల్ దగ్గరికి వెళ్లి, వెనక పెట్టెలోకి ఎక్కి కూర్చుంది. ఒంటికీ రెంటికీ దిగడం, మళ్లీ ఎక్కడం, అంతే. గిన్నె తెచ్చి పెట్టెలో పెట్టినా మూతి తిప్పుకుంది. బతిమాలితే వినలేదు, కసిరితే ఉలకలేదు. వాన ముదిరేకొద్దీ దాని పక్కటెముకలు తేలాయి. పశువుల డాక్టరు నోరు తెరిచి చూశాడు, పొట్ట నొక్కి చూశాడు.

"దీనికి రోగమేమీ లేదమ్మా. దేనికోసమో ఎదురుచూస్తోంది. ఇలాగే తినకపోతే మాత్రం దక్కదు."

"దేనికోసమో తెలుసులెండి" అన్నది అక్క.

సెలవు కావాలంటే లాండ్రీ యజమాని మొదట నమ్మలేదు. చెల్లెలు నమ్మిందిగానీ ఊరుకోలేదు. "తమ్ముడు పోయిన మర్నాడే పనికెళ్లిన దానివి, కుక్కకోసం సెలవు పెడతావా?"

"పెడతా."

రాత్రి గుడారాన్ని సంచీలోంచి తీసి చూసింది. ఉండచుట్టి కుక్కినట్టున్నాడు, అంతా ముడతలే. ముడత కనిపిస్తే ఊరుకునే చేయి కాదు అది. బల్లమీద పరిచి, ఇస్త్రీపెట్టె పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసదాకా సాపు చేసింది. ఏదో వాసన వచ్చింది. వాడి సామానుకు రంగుల వాసన మామూలే కదా అనుకుంది. వేళ్లకు వేడి తెలిసి ఉంటే ఆగేదేమో. చక్కగా చదరంగా మడతపెట్టి సంచీలో సర్దింది. ఆ గుడారం పుట్టి బుద్ధెరిగి అంత పొందికగా ఎప్పుడూ లేదు.

పొద్దున్న సీటు కిందికి దించుకుని, బయల్దేరింది. రోజూ సైకిల్‌మీదే పనికి వెళ్తుంది కాబట్టి తొక్కడం కొత్త కాదు. వెనక బరువు మాత్రం కొత్త. ఊరు దాటాక వాన అందుకుంది. తడిసి ముద్దయింది. లారీలు బురద చిమ్మి వెళ్లాయి. ఆమెకు ఏమీ అనిపించలేదు. తమ్ముడు వెళ్లిన దారిలో వెళ్తున్నానని మనసులో చెప్పుకుని చూసింది. అది కూడా ఎవరి గురించో అన్నట్టే ఉంది.

రోడ్డు పక్క టీకొట్టతను సైకిల్ చూసి గుర్తుపట్టాడు.

"పెయింటరన్న రాలేదా?"

"రాలేడు" అన్నది.

అతను ఒక బిస్కెట్ తీసి మరక మూతి దగ్గర పెట్టాడు. అది వాసన కూడా చూడలేదు. "ఎప్పుడూ చేతిలోంచి లాక్కుని తినేదే! ఏమైందమ్మా దీనికి?" అన్నాడు. అక్క టీ పూర్తిగా తాగకుండానే లేచింది. ఈ కుక్క కూడా పోతుందని మొదటిసారి అనిపించింది. గట్టిగా తొక్కింది.

దారి చీలినచోట తిన్నగా పోబోతే మరక ఎడమవైపుకు ఒరిగింది. సైకిల్ తూలింది. సరేనని ఎడమకే తిప్పింది. సాయంత్రానికి కాలవ పక్కన జామాయిల్ తోట వచ్చింది. సైకిల్ ఆగకముందే మరక దూకి, ఒక చెట్టు కింద నిలబడి వెనక్కి చూసింది. గుడారం వేయవలసిన చోటు అదే కాబోలు.

తెలిసీ తెలియక కర్రలు గుచ్చి, తాళ్లు లాగి కట్టి, లోపలికి దూరింది. నీళ్లు కారుతున్నాయి. ఒక చోట కాదు. నిన్న రాత్రి ఇస్త్రీపెట్టె తిరిగిన దారంతా, వరసగా, పట్టీలు పట్టీలుగా తడి దిగుతోంది. నీళ్లు ఆపే పూత వేడికి చచ్చిపోయిందని అప్పుడు అర్థమైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? తమ్ముడు రంగులు వేసేటప్పుడు నేలమీద పరిచే ప్లాస్టిక్ పట్టా ఒకటి సంచీ అడుగున ఉంటే, అది తీసి ఒక మూలకు మాత్రం కప్పింది. ఆ మూలన గిన్నె పెట్టి, అందులో రొట్టె తుంచి వేసింది.

"రావే, లోపలికి రా" అన్నది.

మరక రాలేదు. గుమ్మం ముందు, వానలో, ముందరి కుడికాలు ఎత్తి నిలబడింది. ముల్లు గుచ్చుకుందేమోనని పట్టి చూసింది. ఏమీ లేదు. వదిలితే కింద పెట్టి మళ్లీ ఎత్తింది. రొట్టె చూపించింది. అటు చూడలేదు. ఒళ్లంతా వణుకుతోంది, కాలు మాత్రం దించదు. అక్కకు విసుగొచ్చింది. తువ్వాలు తీసి ఆ కాలి బురద తుడిచింది.

మరక వెంటనే ఎడమకాలు ఇచ్చింది.

అది తుడిచింది. అటు తిరిగి వెనక కాలు ఎత్తింది. అదీ తుడిచింది, తర్వాత రెండోదీ. అయిపోయింది కదా, అయినా మరక కదల్లేదు. ఆఖరి కాలు ఆమె చేతిలోనే ఉంచి, మెడ తిప్పి ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది. ఇంకేం కావాలే నీకు అనబోయింది. ఈలోగా చెయ్యి తనంతట తానే ఆ అరికాలిమీద రెండుసార్లు తట్టింది.

మరక లోపలికి వెళ్లి, గిన్నెలో మూతిపెట్టి తినడం మొదలుపెట్టింది.

అక్క గుమ్మం దగ్గరే ఉండిపోయింది. వాడు మరిచిపోలేదు. ఎవరూ చూడని ఇలాంటి చోట, ఇలాంటి వానలో, ఏటేటా మోకాళ్లమీద కూర్చుని కుక్క కాళ్లు తుడిచాడు, వేళ్ల సందులతో సహా. తనతో ఒక్క మాటయినా అనలేదు. ఎందుకంటాడు, రమ్మని పిలుస్తూనే ఉన్నాడు కదా. ఒక్క ఏడాది వచ్చి ఉన్నా చూసేది.

మరక రొట్టె తిని, గిన్నె అడుగు నాకి, ప్లాస్టిక్ పట్టా కింద ముడుచుకుని పడుకుంది. అప్పుడు ఫోన్ మోగింది. చెల్లెలు.

"తిన్నదా?"

"తిన్నది."

"హమ్మయ్య. అక్కా, ఏంటి గొంతు అలా ఉంది? ఏడుస్తున్నావా?"

"లేదే" అన్నది అక్క. మొహం తుడుచుకుంది, మళ్లీ తడిసింది. "టెంటు కారుతోంది. ఇస్త్రీ చేశాను కదా."