తొడిమలు తీస్తూ చూపించిన రాజధాని

అమరావతి చూపించడానికి మస్తాన్‌బీ నల్లగొడుగు ఒకటి పట్టుకుని వచ్చింది. ఎండ కోసం కాదు. ఆ గొడుగు వాళ్ళాయన నన్నే సాహెబ్‌ది. అక్కడికొచ్చే వాళ్ళకు ఊరంతా తిప్పి చూపించడం ఆయన పని. జనంలో ఎవరూ తప్పిపోకుండా గొడుగు పైకెత్తి ముందు నడుస్తాడట. కిందటి వారం రేవు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పేదాకా ఇల్లు గడవాలి కాబట్టి ఈవిడ బయల్దేరింది.

మమ్మల్ని పర్చూరు నుంచి తీసుకొచ్చింది వేణుగోపాల్ గారు. ఆదివారం వచ్చిందంటే వ్యానులో ఆడవాళ్ళను ఏదో ఒక ఊరు తిప్పి తీసుకొస్తుంటారు. గొడుగు కింద నన్నే సాహెబ్‌కు బదులు మస్తాన్‌బీ కనబడేసరికి ఆయన మొహం చిన్నబోయింది.

"ఈ వారానికి సరేనమ్మా. వీళ్ళకి నచ్చితే వచ్చేవారం ఇంకో జట్టును తెచ్చినప్పుడు కూడా నువ్వే. లేకపోతే మైకు పెట్టుకుని చెప్పేవాడు ఇంకొకడున్నాడు, అతన్ని పిలుచుకుంటా" అని మా అందరి ముందే చెప్పేశారు. మస్తాన్‌బీ గొడుగు ఇంకాస్త పైకెత్తింది.

నేను అసలు రానన్నాను. మా ఆయన పోయినప్పట్నుంచి నేను గడప దాటడం లేదని పక్కింటి సాయిలక్ష్మికి ఒకటే దిగులు. చీర కూడా తనే తీసి మంచం మీద పెట్టి, కట్టుకునేదాకా కదల్లేదు. అలాంటి సాయిలక్ష్మి గుంటూరు దాటాక రోడ్డు పక్క కల్లంలో ఎర్రటి మిరపకాయలు చూసి వ్యాను ఆపించింది. పచ్చడికని సంచి నిండా కొంది. దారంతా ఆ ఘాటుకు తుమ్మి తుమ్మి వచ్చిన డ్రైవరు, అమరావతిలో ఆగాక సంచి వ్యానులో వదిలి వెళ్తే తానుండనన్నాడు. దాంతో పాపం చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఆ సంచిని ఎత్తుకునే రాజధాని చూడ్డానికి దిగింది.

ముందు మ్యూజియం. చెక్కిన రాళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఏనుగులు, చెట్లు, చేతులు జోడించిన మనుషులు. మస్తాన్‌బీ ఒక్కో రాయి దగ్గర ఆగి గొంతు సవరించుకుంటోంది.

"ఇది రాయక్కా. పాతది."

"ఎంత పాతది?" అంది సాయిలక్ష్మి.

"చానా పాతది."

పక్క రాయి దగ్గరకు వెళ్ళాం. అది కూడా చానా పాతదే. ఇంతలో ఫోను మోగింది. మంచంలోంచి నన్నే సాహెబ్. శాతవాహనుల సంగతి చెప్పావా, ధరణికోట సంగతి చెప్పావా అని ఆయన అరిచే అరుపులు మాకందరికీ వినబడుతున్నాయి. చెప్తన్నా, పెట్టెయ్ అని ఆమే పెట్టేసింది. ఏమీ చెప్పలేదని మాకు తెలుసు, వేణుగోపాల్ గారికీ తెలుసు. ఆయన పక్కకెళ్ళి ఫోనులో మైకు మనిషి నంబరు వెతుక్కుంటున్నారు.

అక్కణ్ణుంచి స్తూపానికి నడిచాం. స్తూపమంటే ఇప్పుడు గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ అక్కడక్కడ నిలబెట్టిన రాతి పలకలు. మేమంతా చెట్టు నీడన కూలబడ్డాం. మస్తాన్‌బీ మా ఎదుట నిలబడి నోరు తెరిచింది, మూసింది. ఎడమచేతిలో గొడుగు. కుడిచేతి వేళ్ళు మాత్రం ఊరుకోవడం లేదు. కొంగు అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని టక్కున తుంచినట్టు లాగుతోంది, వదుల్తోంది, మళ్ళీ లాగుతోంది.

ఆ లాగడం నాకు తెలుసు. మిరపకాయ తొడిమ తీసే చెయ్యి అది. నేనూ పుట్టింట్లో కల్లాల్లో పెరిగినదాన్నే. పెళ్ళయ్యాక కూడా ఏటా పచ్చడి కాయలకు తొడిమలు తీసేటప్పుడు మా ఆయన తుమ్ముతూనే పక్కన కూర్చునేవారు. ఊళ్ళో కబుర్లన్నీ అప్పుడే చెప్పుకునేవాళ్ళం, మిగతా ఏడాదంతా మా ఇద్దరికీ మాటలు తక్కువే. ఈ ఏడు నేను పచ్చడి పెట్టలేదు.

"తొడిమల పనికి పోతావా?" అని అడిగాను.

"అదేగా అక్కా చిన్నప్పట్నుంచీ. కోల్డ్ స్టోరేజీలో."

సాయిలక్ష్మి ఒళ్ళోంచి సంచి లాగాను. మస్తాన్‌బీ చేతిలో గొడుగు తీసుకుని, "కూర్చో. ఇవి తీస్తూ చెప్పు" అని దోసెడు కాయలు ఆమె ఒళ్ళో పోశాను.

మొదటి తొడిమ ఊడింది. వెంటనే మాట ఊడిపడింది.

"ఈ దిబ్బ ఇట్టా ఉండేది కాదక్కా. ఇంత ఎత్తున, అంతా పాలరాయి లాంటి రాయి, జాగా లేకుండా బొమ్మలు. రాజులేమో అదుగో, ఆ ధరణికోటలో ఉండేవోళ్ళంట. కృష్ణలో పడవలేసుకుని సముద్రం దాకా సరుకు పంపేవోళ్ళంట."

"ఏం సరుకు? మిర్చేనా?" సాయిలక్ష్మి కూడా కాయలు ముందేసుకుంది.

"అప్పుడు మిర్చి ఎక్కడిదక్కా. మిరియాలే."

"కారం తినకుండా ఇంత రాజధాని ఎట్టా కట్టారే?"

"తినలేదు కాబట్టేగా బుద్ధుడు చెప్తే కూర్చుని విన్నారు."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. సాయిలక్ష్మి నా వంక చూసి గబుక్కున తల తిప్పుకుంది.

ఇక మస్తాన్‌బీకి అడ్డు లేదు. తారీఖులు ఆమెకు తెలియవు, తెలియదనే చెప్పింది. బొమ్మలన్నీ ఏమైపోయాయని ఒకావిడ అడిగితే, "దొరలొచ్చారు. మొదటి రకం కాయ ఏరుకుని లండన్ పట్టుకుపోయారు. రెండో రకం మద్రాసు పోయింది. మనకి తాలు మిగిల్చారు" అంది. తెల్లబారి ధర పలకని తాలుకాయ బాధ పడని ఇల్లు మాలో ఒక్కటీ లేదు. అందరం ఒక్కసారే అయ్యో అన్నాం. మ్యూజియంలో రాళ్ళ ముందు ఎవరికీ రాని అయ్యో అది.

కాపలా మనిషి పరుగున వచ్చాడు. ఒక్క తొడిమ కూడా కింద పడలేదని, అన్నీ మూటగట్టుకున్న నా కొంగు విప్పి చూపించాను. ఏదో అనబోయి, తుమ్ములు ముంచుకొచ్చి వెళ్ళిపోయాడు. వేణుగోపాల్ గారు ఫోను జేబులో పెట్టుకుని మా మధ్య వచ్చి కూర్చున్నారు. ఊరికే కూర్చోలేక ఆయనా కాయలందుకున్నారు. అలవాటు లేని చెయ్యి, కథ మధ్యలో కన్ను నలుపుకున్నారు.

అప్పుడే మళ్ళీ ఫోను. చేతులకు కారమని మస్తాన్‌బీ నన్ను ఎత్తమంది. ఆమె చెవికి ఆనించాను.

"ఏమే, ఎవరన్నా మిగిలారా?"

"అందరూ ఉన్నారు. సారు ఏడుస్తున్నాడు."

"ఏం చేశావే ఆయన్ని?"

తర్వాత ధరణికోటలో పాతకోట మట్టికట్ట, అమరేశ్వరుడి గుడి, కూర్చున్న పెద్ద బుద్ధుడు, అన్నీ చూశాం. మస్తాన్‌బీ కొంగులో కాయలు పోసుకుని తీస్తూ, చెబుతూ నడిచింది. గొడుగు ఎత్తడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు. అందుకని నేనే ఎత్తి పట్టుకుని ముందు నడిచాను. గుడి లోపలికి మాత్రం ఆమె రాలేదు. మెట్ల దగ్గర కూర్చుని, మేం తిరిగొచ్చేసరికి సంచిలో అడుగున మిగిలినవి కూడా తీసేసింది.

సాయంత్రం వ్యాను ఎక్కబోయే ముందు వేణుగోపాల్ గారు సీసా నీళ్ళతో ఇంకా కన్ను కడుక్కుంటూనే ఉన్నారు. "వచ్చేవారం కూడా నువ్వే రామ్మా" అన్నారు.

మస్తాన్‌బీ నా చేతిలో గొడుగు తీసుకుని మడిచింది. "వస్తా సారూ. కాయ మాత్రం మీరే తెచ్చుకోవాలి."

వ్యాను కదిలాక సాయిలక్ష్మి నెమ్మదిగా అడిగింది. "వచ్చేవారం మళ్ళీ ఇక్కడికేనంట. వస్తావా వదినా, చూసిందేగా?"

"కల్లం దగ్గర ఆపమను" అన్నాను. "నాకూ కాయలు కొనాలి."