పక్కపోగు

ఆదోనిలో నేను పనిచేసే జిన్నింగు మిల్లులో పత్తి ప్రెస్సుల మరమ్మతు నా బాధ్యత. రోజంతా నూనె, వేడెక్కిన ఇనుము, పత్తిగింజల వాసన ముక్కులోనే ఉంటుంది కాబట్టి వేరే వాసన ఏది తగిలినా వెంటనే తెలిసిపోతుంది. పోయిన ఆదివారం ఎమ్మిగనూరులో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఒక గుమ్మంలోంచి పులిసిన గంజి వాసన వచ్చింది. ఎవరో ఉతికిన చీరలకు గంజి పెడుతున్నారు, అంతే. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను.

నా చిన్నప్పుడు మా వీధి ఆ వాసనతోనే తెల్లవారేది. ఎండ ముదరకముందే ఈ చివర నుంచి ఆ చివరకు చీరల నిలువుపోగుల పడుగు చాచి, పెద్ద కుంచెలు పట్టుకుని ఇద్దరిద్దరుగా గంజి పట్టిస్తూ నడిచేవాళ్ళు. పాలవాడైనా, బడికి పోయే పిల్లలైనా, పోలీసైనా ఆ నూలు కింద నడుము వంచి దూరాల్సిందే. ఏడు గంటలకల్లా గుంట మగ్గాల టకటక మొదలయ్యేది, ఎనిమిదికి వీధి మొగలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీల పొయ్యి అంటుకునేది. దసరాకు మగ్గాలకు పసుపుకుంకుమలు పెట్టి పని ఆపినప్పుడు మాత్రం వీధికి చెవుడు వచ్చినట్టు ఉండేది. ఆ నిశ్శబ్దంలో అమ్మ పెనం మీద ఓళిగ తిప్పే చప్పుడు కూడా పక్కింటికి వినిపించేది.

మా ఇంట్లో ఐదుగురం, ఐదుగురికీ పని ఉండేది. నాయన నేసేవాడు. అమ్మ కండెలు చుట్టేది. అవ్వ, అంటే నాయన తల్లి, పడుగు అతికేది. నాకంటే నాలుగేళ్ళు పెద్దదైన రేణుకక్క బడి లేనప్పుడు అవ్వకు ఎదురుగా కూర్చుని తనూ అతికేది. నేను దారపుండలు అందించేవాడిని, లెక్కలు రాసేవాడిని, అడక్కపోయినా అందరి తప్పులూ చెప్పేవాడిని.

అతకడమంటే, మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్కటిగా కలపడం. వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలు పక్కపక్కన పెట్టి, బొటనవేలితో ఒక్క మెలి తిప్పాలి. అలా వేల పోగులు. ఏ పోగు దానికి ఎదురుగా ఉన్న పోగుకే కలవాలి. పొరపాటున పక్కదానికి కలిస్తే దాన్ని మా ఇంట్లో పక్కపోగు అనేవాళ్ళు. ఆ తప్పు ఒక్కదానితో ఆగదు. దాని తర్వాతివన్నీ ఒక్కొక్క స్థానం జరిగిపోయి, అంచులో ఉండాల్సిన ఎరుపు, అంచు దాటి చీర లోపలికి వస్తుంది. ఆ మాట మగ్గం దాటి మా మాటల్లోకి కూడా వచ్చింది. నిజం చెప్పకుండా దాని పక్కనున్నదేదో చెబితే అదీ పక్కపోగే. హోంవర్కు చేయని రోజు నేను కడుపునొప్పి అంటే అవ్వ తల కూడా ఎత్తేది కాదు. "పక్కపోగు గట్టొద్దురా అబ్బీ, ఎదురుపోగు సెప్పు" అనేది.

అక్కకు నూలు ఎంత వచ్చో, కబడ్డీ అంతకు రెండింతలు వచ్చు. బడి వెనక ఎర్రమట్టి నేలలో గీతలు గీసి ఆడేవాళ్ళు. కూతకు పోయినప్పుడు అక్క ముందు నాలుగడుగులు నెమ్మదిగా వేసి, ఐదో అడుగుకు ఎడమవైపు పోతున్నట్టు కనిపించి కుడివైపు చెయ్యి విసిరేది. ఆ ఏడు తను పదో తరగతి. జిల్లా జట్టు ఎంపిక ఆదోనిలో పెడతారని, వయసు లెక్కన తనకు అదే చివరి అవకాశమని డ్రిల్లు సారు చెప్పినప్పటి నుంచి, పొద్దున జొన్నరొట్టె తినేటప్పుడు కూడా అక్క కాళ్ళు నేల మీద అడుగులు వేస్తూనే ఉండేవి.

దెబ్బ తగిలింది దసరా సెలవుల తర్వాత, పెద్దకడుబూరు బడితో ఆడిన ఆటలో. అక్క కూత ముగించుకుని గీత వైపు దూకుతుంటే అడ్డం వచ్చిన లక్ష్మి అనే అమ్మాయి తల అక్క తలకు కొట్టుకుంది. ఎండుకొబ్బరి చిప్పలు రెండు తగిలినట్టు చప్పుడైంది. ఇద్దరూ కూర్చుండిపోయారు. సారు నెత్తిన నీళ్ళు పోసి, "ఏం గాలేదు, బొప్పి గట్టింది అంతే" అన్నాడు. అందరూ నవ్వారు, అక్క కూడా నవ్వింది. అయిదు నిమిషాలకు మళ్ళీ కూతకు పోయింది. అది ఎంత పెద్ద తప్పో అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత వారం రోజులు అక్కలో కనిపించినవాటిని నేను లెక్కల నోటు చివరి పేజీలో రాసుకున్నాను. ఒకటి, పుస్తకం పది నిమిషాలు చదివితే నొసలు పట్టుకుంటుంది. రెండు, చదివిన వరుసే మళ్ళీ చదువుతుంది. మూడు, ఎండలోకి వస్తే తల వంచుకుంటుంది. నాలుగు, బస్సు కిటికీలోంచి బయటకు చూస్తే వాంతి వచ్చేట్టుందంటుంది. ఐదు, దగ్గరివి చూడాలంటే ఎడమ కన్ను మూస్తుంది. బడిలో గోడకు అట్ట తగిలించి ఒక్కో కన్నూ మూయించి అక్షరాలు చదివిస్తే చివరి వరుస దాకా చదివేసింది. "కండ్లు సక్కగుండాయి. పరీచ్చలంటే భయం, అంతే" అని తేల్చారు. లెక్కల సారైతే, "కూతకు పోయేటప్పుడు లేని తలనొప్పి కూడికలకు వస్తాందేమ్మా?" అన్నాడు.

ఆరోది నేను రాయలేదు. అక్కే నాకు చెప్పింది, చెప్పి నా చెవి మెలిపెట్టింది.

"మనిషి దగ్గరికొస్తే ఇద్దరు కనపడ్తాండార్రా. కుడిపక్కనుండేదాన్ని ముట్టుకుంటే సరిపోతాంది. ఎవరికన్నా సెప్తివంటే సూడు!"

ఎంపికకు ఇంకా తొమ్మిది రోజులుంది. నేను ఎవరికీ చెప్పలేదు.

చెప్పింది నూలు. ఆ ఆదివారం ఎర్ర అంచు పడుగు అతకడానికి అక్క కూర్చుంది. అవ్వ చివర్లో వేళ్ళతో తడుముకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. ఎరుపు కొసకు తెలుపు కలిసి ఉంది. అక్కడి నుంచి చివరి దాకా పదకొండు పోగులు వరుసగా జరిగిపోయాయి. ఏడేళ్ళ వయసు నుంచి అతుకుతున్న పిల్ల చేతిలో పదకొండు పక్కపోగులు! అవ్వ తిట్టలేదు. ఒక ఎర్రపోగు తీసి అక్క ముక్కుకు ఎదురుగా పట్టుకుంది.

"ఎన్ని పోగులుండాయి పాపా?"

"ఒగటి."

"ఎదురుపోగు సెప్పు."

అక్క ఎడమ కన్ను మూసింది, మళ్ళీ తెరిచింది. తర్వాత, "రెండు" అంది. అప్పుడు ఏడ్చింది, దెబ్బ తగిలిన రోజు కూడా ఏడవనిది.

మరునాడు అవ్వ, నాయన, అక్క, నేను ఆదోనికి పోయాం. నా నోటు ఉంది కాబట్టి నన్నూ తీసుకుపోయారు. దారి పొడవునా పత్తి బండ్లు. తుమ్మముళ్ళకు తెల్లటి పింజలు చిక్కుకుని ఉన్నాయి. కంటి డాక్టరు నా పేజీ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తర్వాత పెన్ను కొనను అక్క ముక్కు దగ్గరికి మెల్లగా తెచ్చాడు. జానెడు దూరం రాగానే అక్క ఎడమ కన్ను పెన్నును వదిలేసి బయటికి జారిపోయింది. నేను చూశాను.

"బడిలో ఒక్కో కన్నును విడిగా చూసినారు. విడిగా రెండూ బాగున్నాయి. దగ్గరికి చూసేటప్పుడు రెండూ ఒకేచోట కలవాలి కదా, ఆ దెబ్బకు అది చెడింది" అన్నాడు డాక్టరు.

"అంటే పక్కపోగే గదా సామీ" అంది అవ్వ.

ఆయనకు అర్థం కాలేదు. అవ్వ చీర కొంగు విప్పి రెండు దారాలు లాగి చూపించింది. డాక్టరు నవ్వి, "అంతే అవ్వా" అన్నాడు. ఆ తర్వాత నవ్వకుండా చెప్పాడు. తల లోపలి దెబ్బ మానకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు. తలనొప్పి, రెండుగా కనబడడం పూర్తిగా పోయి, తాను సరేననే వరకు ఆట వద్దు. చదువు కూడా కొద్దికొద్దిగానే. నిద్రమత్తు, వాంతులు, తల పగిలిపోయే నొప్పి వస్తే ఆగకుండా పెద్దాసుపత్రికి పోవాలి.

ఇంటికొచ్చాక నాయన మగ్గం గుంటలోకి దిగి తెగిన పోగులు ముడేశాడు. తర్వాత, "జొరమని సారుకు సీటీ రాసిస్తాలే. కండ్లు బాగలేవని ఊరంతా టముకెందుకు" అన్నాడు.

"జొరమంటే పక్కపోగు గాదా నాయనా?" అంది అక్క.

నాయన చీటీకని నా నోటులోంచి చింపబోతున్న కాగితం వదిలేశాడు.

ఎంపిక రోజు అక్క ఆడే బట్టలు కాకుండా బడి యూనిఫాం వేసుకుని ఆదోని మైదానానికి పోయింది. ఎంపిక చేసేవాళ్ళ ముందు, మిగతా బడుల పిల్లల ముందు నిలబడి, డ్రిల్లు సారుతో గట్టిగా చెప్పింది. "తలకు తగిలినప్పట్నుంచి నాకు ఒగరు ఇద్దరుగా కనపడ్తాండారు సార్. నేనాడను."

"అయితే డబల్ పాయింట్లు గదమ్మే!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మైదానమంతా నవ్వింది.

సారు దగ్గరికొచ్చి, "ఒక్క మ్యాచే గదమ్మా. మళ్ళీ ఏడు నీకు వయసు దాటిపోతాది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అక్క ఆట మీద ఆయనకు మాకంటే ఆశ ఎక్కువ.

"తెలుసు సార్" అంది అక్క. అక్కడి నుంచి కదల్లేదు.

అప్పుడు పెద్దకడుబూరు జట్టు వరుసలోంచి లక్ష్మి బయటికొచ్చింది. "సార్, నాగ్గూడా ఆపొద్దునుంచి తల తిరుగుతాంది. తీసేస్తారని సెప్పలేదు" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాళ్ళ సారు ఆ పిల్లను చెట్టు నీడకు తీసుకుపోయి కూర్చోబెట్టాడు. సాయంత్రం చదివిన పేర్లలో ఇద్దరివీ లేవు.

తర్వాతి నెలలు నాకు బాగా గుర్తు. మొదట విశ్రాంతి, తర్వాత నడక, ఆ తర్వాత డాక్టరు చెప్పిన దారం కసరత్తు. నాయన నూలు దారానికి మూడు పూసలు గుచ్చి, ఒక కొస మగ్గం గుంజకు కట్టాడు. ఇంకో కొస అక్క ముక్కు దగ్గర పట్టుకునేది. ఏ పూసను చూస్తే ఆ పూస దగ్గర దారం రెండై ఒకదాన్నొకటి దాటుతున్నట్టు కనిపించాలి. అప్పుడే రెండు కళ్ళూ కలిసి చూస్తున్నట్టు. అవి ఎంత దగ్గర దాకా కలుస్తున్నాయో నేను రోజూ రాసేవాడిని: జానెడు, బెత్తెడు, మూడు వేళ్ళు. శివరాత్రి నాటికి అక్క పుస్తకం పట్టుకుని గంటసేపు కూర్చోగలిగింది. పరీక్షలు పాసైంది. కాలేజీలో చేరాక, డాక్టరు సరేనన్నాకే మళ్ళీ గీత దాటింది.

ఇప్పుడు మా వీధిలో పడుగు చాచడానికి చోటు లేదు, బైకులు నిలిపారు. చెయ్యి మగ్గాలు మూడు మిగిలాయి. అతికేవాళ్ళు ఎవరూ లేరు. అవ్వ పోయింది, పక్కపోగు అంటే మా పిల్లలకు వివరించి చెప్పాలి. బడి వెనక ఎర్రనేల మీద దుకాణాలు లేచాయి. అక్క జిల్లా జట్టు బనీను ఎప్పటికీ తొడుక్కోలేదు. పెద్దకడుబూరులో ఇప్పుడు తనే డ్రిల్లు టీచరు. తల తగిలిన పిల్లను ఆ రోజు మళ్ళీ గీత లోపలికి పంపదు, తల్లిదండ్రులు వచ్చి అరిచినా పంపదు.

పోయిన నెల ఆదోనిలో టీచర్ల కబడ్డీ పెట్టారు. నేను మిల్లు నుంచి నూనె చేతులతోనే పోయి గీత పక్కన నిలబడ్డాను. అక్క కూతకు పోయింది. నాలుగడుగులు నెమ్మదిగా, ఐదోది ఎడమకు పోతున్నట్టు. అవతల ఐదుగురున్నారు. ఇద్దరిని ముట్టుకుని, రొప్పుతూ గీత మీద పడింది.

"ఎట్ల పట్టినావక్కా ఇద్దర్ని?" అన్నాను.

అక్క మట్టి దులుపుకుంటూ నవ్వింది.

"ఎదురుగా ఇద్దరుండ్రి, ఇద్దరే కనపడిరి లేరా."